దినమునకు రెండు కొసలు

పరుల పనికై తన కాలమును వెచ్చించి జీవించువాడు తన దినమునకు తానే యజమానుడనని తలచుట పెక్కుమారులు భ్రాంతియే యగును. న్యాయవాది దినము కోర్టు జాబితాలోను, కక్షిదారుల యాతురతలోను గడచిపోవును. వైద్యుని దినము రోగులది. ఆడిటరు దినము గడువు తేదీలది. కంప్యూటరు సంస్థలో పనిచేయు యువకుని దినము సముద్రముల కావల మేలుకొనియున్న వేరొక ఖండపు గడియారమునకు లోబడినది. తరతరములుగా చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగువారిలో ఇట్టి వృత్తుల నవలంబించినవారు పెక్కండ్రు గలరు. వారి నుద్దేశించియే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దినపు నడిమి భాగము మన చేతిలో లేదని యొప్పుకొందము. కాని ప్రతి దినమునకును రెండు కొసలున్నవి: మేలుకొనిన పిదప నొక గంట, నిద్రకు ముందొక గంట. ఈ రెండు గంటలను సాధారణముగా ఏ న్యాయమూర్తియు నడుగడు, ఏ యజమానియు నడుగడు. అడుగకయే మనము వారి కర్పించుచున్నాము. ఆరోగ్యమునకును మనశ్శాంతికిని కావలసినవి ఉగాదినాడు చేసికొని వారము తిరుగక మునుపే మరచిపోవు మహాసంకల్పములు కావు. ఈ రెండు కొసలకు గట్టిగా ముడివేసిన నాలుగైదు చిన్న యలవాట్లు చాలునని మా యభిప్రాయము. వస్త్రమునకు అంచులు గట్టిగా నున్నచో నడిమి నేత తొందరగా విడిపోదు, దినమునకును అంతియే.

ఇది కేవలము నీతిబోధ గాదు; ప్రాణములకు సంబంధించిన విషయము. భారత వైద్య పరిశోధనా మండలి యండదండలతో, మన నగరమందలి మద్రాసు మధుమేహ పరిశోధనా సంస్థ నడిపిన దేశవ్యాప్త పరిశీలన ఫలితములు 2023వ సంవత్సరమున ప్రకటింపబడినవి. దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహ మున్నదనియు, మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మము కడ నిలిచియున్నారనియు, వయోజనులలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు గలవారనియు ఆ పరిశీలన తేల్చినది. పల్లెలకంటె పట్టణములందు మధుమేహము హెచ్చు. కుర్చీలో కూర్చుండి పనిచేయు మన వర్గమువారి కిది ప్రత్యేకముగా చెవినిడవలసిన మాట. ఈ రెండు వ్యాధులకును ఒక దుర్గుణము గలదు. అవి ముందుగా నోటీసు పంపవు. కంటిమీదనో, మూత్రపిండముల మీదనో, గుండెమీదనో ఎక్స్‌పార్టీ డిక్రీ పొంది, అమలు కొరకే మన గడప త్రొక్కును. అప్పుడు అప్పీలునకు పోవలసినది ఆసుపత్రికే.

మన పూర్వు లీ విషయమును గుర్తింపకపోలేదు. వాగ్భటుని అష్టాంగహృదయమున రెండవ యధ్యాయమే దినచర్య. రోగముల లక్షణములును ఔషధముల పాకములును రాకమునుపే, మనుజు డెప్పుడు మేలుకొనవలెను, దంతధావన మెట్లు, అభ్యంగన మెట్లు, వ్యాయామ మెంత యను ప్రశ్న లందు చర్చింపబడినవి. బలవంతుడు సైతము తన శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, అదియు శీతకాల వసంతములందే ననియు, తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువగా చేయవలెననియు అందు విధింపబడినది. నెల మొదట వ్యాయామశాలకు రుసుము కట్టి, మొదటి వారముననే ఒడలు నొప్పించుకొని, రెండవ వారమున మానివేయు మన యువకులు ఈ సగము మాటను గమనింతురు గాక. అయినను ప్రాచీన గ్రంథమున నున్నంత మాత్రమున ఏదియు ప్రమాణము గాదు, సాక్ష్యము కావలెను. ఆ సాక్ష్యమును నేటి శాస్త్రము కొంతవర కిచ్చుచున్నది.

మొదటి కొసను చూతము. మేలుకొనిన వెంటనే చేయి చాచి సెల్‌ఫోను నందుకొనుట నేడు సర్వసామాన్యమైనది. కన్నులు పూర్తిగా విచ్చకమునుపే ఎవరి కోపమో, ఎవరి తొందరయో, ఏ దూరదేశపు దుర్వార్తయో పడక మీదికి వచ్చి చేరును. పూర్వము తెల్లవారుజామున వచ్చిన కక్షిదారుడు ప్లీడరుగారు స్నానము చేసి వచ్చువరకు వసారాలో కూర్చుండెడివాడు. నేడు తలగడ క్రిందికే వచ్చుచున్నాడు. కావున మొదటి గంటలో ఆ పరికరమును వేరొక గదిలో నుంచుట తొలి యలవాటు కావలెను. మేలుకొలుపు కొరకు ఫోను కావలెనని వాదించువారికి బజారులో అలారం గడియారము స్వల్పమైన వెలకే దొరకును.

రెండవది ఉదయపు వెలుతురు. మన దేహమందలి దాదాపు ప్రతి కణమునందును సుమారు ఇరువదినాలుగు గంటల కొక చుట్టు తిరుగు గడియార మొకటి గలదు. దాని యంత్రరచనను కనుగొన్నందులకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమాన మొసగబడినది. ఈ గడియారమును ప్రతిదినము సరిచేయునది ముఖ్యముగా వెలుతురు. ఉదయము కంటికి తగినంత పగటి వెలుగు సోకినచో రాత్రి నిద్ర వేళకు వచ్చును. తెరలు వేసిన చల్లని గదిలో మేలుకొని, అద్దములు మూసిన కారులో ఆఫీసు చేరి, దీపముల క్రిందనే సాయంకాలము వరకు గడపువానికి రాత్రి నిద్ర రాలేదన్న, తప్పు నిద్రది గాదు.

వెలుతురును వ్యాయామమును రెంటిని ఒక్కసారిగా నిచ్చు ఉపాయము నడక. వయోజనులు వారమునకు 150 నుండి 300 నిమిషముల వరకు మధ్యమమైన దేహపరిశ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సలహా యిచ్చినది. దినమునకు అరగంట చొప్పున ఐదు దినములు చురుకుగా నడచినచో కనీసపు లెక్క తీరిపోవును. చెన్నపట్టణమున నడకకు చోటు లేదనుటకు వీలులేదు. 1884లో గవర్నరు గ్రాంటు డఫ్ సముద్రతీరమున విహారమార్గము వేయించి దానికి మెరీనా యని పేరిడెను. మైలాపూరున లజ్ ప్రాంతమున నాగేశ్వరరావు పార్కు గలదు. 1893లో అమృతాంజనము వ్యాపారమును స్థాపించిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట నది వెలసినది. తలనొప్పికి మందు నిచ్చిన మహనీయుని పేరిట, తలనొప్పి రాకుండ జేసికొను చోటు వెలయుట యెంతయు సముచితము!

నడక విషయమున మన వృత్తివారి కొక గొప్ప యుదాహరణము కూడ గలదు. 1888 మొదలు 1891 వరకు లండనులో న్యాయశాస్త్రము చదివిన గాంధీమహాత్ముడు బండి కూలి మిగుల్చుకొనుటకై దినమునకు ఎనిమిది పది మైళ్లు నడచెడివాడు. ఆ దేశమున తాను రోగము లేక గడుపుటకు ఆ నడకయే ముఖ్యకారణమని ఆయన తన ఆత్మకథలో చెప్పుకొనెను. పొదుపు కొరకు మొదలుపెట్టినది దేహమునకు మూలధనమైనది. నడకకు వేళ లేదనువారి కొరకు ఆ నగరమునుండియే మరియొక సాక్ష్యము. రెండంతస్తుల బస్సులలో దినమంతయు కూర్చుండి నడపు డ్రైవర్లకంటె, మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని జెరీ మారిస్ అను వైద్యుడును అతని సహచరులును 1953లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఆ కండక్టర్లు మెట్లెక్కినది వ్యాయామము కొరకు గాదు, టిక్కెట్ల కొరకు. వారి మేలు వారి పనిలోనే కలిసి వచ్చినది. లిఫ్టు వచ్చువరకు నిలుచుండి గడియారము చూచుకొను మనకును మెట్లు ప్రక్కనే యున్నవి.

ఇక ఆహారమును గూర్చి రెండు మాటలు. కూనూరులో 1918లో రాబర్టు మెక్‌కారిసన్ ప్రారంభించిన పరిశోధన పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై యున్నది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన ఆహార నియమములలో, ఉప్పు దినమునకు 5 గ్రాములకు మించరాదని యున్నది. అనగా ఇంచుమించు ఒక చిన్న చెంచాడు. ఆవకాయయు, అప్పడమును, ఊరమిరపకాయయు లేని తెలుగు విస్తరిని మేము కోరము. మూడును ఒకేపూట విస్తరిలో నుండనక్కరలేదని మాత్రము మనవి చేయుచున్నాము. భోజనమునకు ముందొక గంట, వెనుకొక గంట కాఫీ టీలు కూడవని కూడ ఆ నియమములు చెప్పుచున్నవి. ఏలయన అవి యన్నమందలి యినుమును దేహము గ్రహింపకుండ అడ్డగించును. కాఫీని మానుమని మేము చెప్పము. అట్లు చెప్పిన పత్రికను చెన్నపట్టణమున ఎవరును కొనరు! దాని వేళను మార్చుకొనుమనుచున్నాము.

కాఫీ వేళ మాట రాత్రి కొసకు సంబంధించినది. కాఫీయందలి కెఫీను దేహమున ప్రవేశించిన పిదప, అందు సగము తరుగుటకు సుమారు ఐదు గంటలు పట్టును. సాయంకాలము ఆరు గంటలకు ఆఫీసు గదిలో త్రాగిన గట్టి డికాక్షను రాత్రి పదునొకండు గంటలకు సగము వంతు మన రక్తములోనే తిరుగుచుండును. పడక మీద అటునిటు దొర్లుచు తన చింతలే నిద్రను చెరచినవని వగచువాడు, ఆ చింతలలో సగము పాలు కాఫీది కావచ్చునని గ్రహింపవలెను. వయోజనునకు రాత్రి కనీసము ఏడు గంటల నిద్ర కావలెనని వైద్యుల మతము. మూడు నాలుగు గంటలు నిద్రించి గొప్ప పనులు చేసితిమని చెప్పుకొనుట మన వృత్తులలో నొక బిరుదైపోయినది. అది బిరుదు గాదు, అప్పు. వడ్డీతో కూడ తీర్చక తప్పదు.

రాత్రి భోజనము కాగానే కుర్చీలో గాని పడక మీద గాని వాలక, మేడ మీదనో వీధిలోనో పది నిమిషములు మెల్లగా నడచుట మంచి యలవాటు. నడచునప్పుడు కాళ్ల కండరములు రక్తమందలి చక్కెరను తీసికొని వాడుకొనును. భోజనానంతరము చక్కెర ఒక్కసారిగా పెరుగుట తగ్గును. దీనికి దుస్తులు మార్చనక్కరలేదు, రుసుము కట్టనక్కరలేదు. భార్యాభర్తలు కలిసి నడచినచో దినమున మాటాడ తీరని నాలుగు మాటలు మాటాడుటకును వీలగును.

పిమ్మట దీపము తగ్గించుటకు ముందు, ఒక చిన్న పుస్తకమున ఐదు నిమిషములు వ్రాయవలెను. ఇది మనశ్శాంతికి మా యెరుకలోని సులభోపాయములలో మొదటిది. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 57 మంది యువజనులతో చేసిన పరీక్ష ఫలితములను 2018లో ప్రకటించిరి. పడుకొనుటకు ముందు ఐదు నిమిషములు, కొందరిచే ఇకమీద చేయవలసిన పనులను, కొందరిచే అప్పటికే చేసిన పనులను వ్రాయించిరి. చేయవలసినవి వ్రాసినవారు తక్కినవారికంటె సుమారు తొమ్మిది నిమిషములు ముందుగా నిద్రించిరి. చేసిన పనుల గొప్పలు నిద్రకు తోడ్పడలేదు. మిగిలిన పనులను కాగితమున కప్పగించుట తోడ్పడినది. దస్తావేజు రిజిస్టరైన పిదప దానిని నోట వల్లెవేయువా డుండడు గదా! మనస్సునకును అంతియే. వ్రాసి పెట్టిన దానిని తెల్లవార్లు మోయవలసిన పని దానికి లేదు.

వ్రాయు భాష తెలుగైనచో మరింత మేలని మా విన్నపము. పగలంతయు ఆంగ్లమున వాదించి, తమిళమున వ్యవహరించి వచ్చిన తెలుగువాని కిది తన యింటి భాషలో తనతో తాను మాటాడుకొను వేళ. ఈ నగరపు తెలుగువారికి ఇది క్రొత్త గాదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టున ప్రధాన ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి వచ్చిరి. ఆయన యుద్యోగమే పరభాషలను మోయుట. అయినను మజిలీ మజిలీకి తాను చూచిన దారులను, నదులను, ఊళ్లను, జనుల నడవళ్లను తెలుగున వ్రాసి, తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల గారికి తెలిపిరి. 1836లో వీరాస్వామయ్యగారు గతించిన పిదప, 1838లో ఆ మిత్రుడు దానిని కాశీయాత్రచరిత్ర యను పేర అచ్చువేయించెను. పల్లకీ ప్రయాణపు బడలికలో సైతము కలము విడువని యాయనను తలచినచో, పంకా క్రింద మూడు పంక్తులు వ్రాయుటకు తీరిక లేదను మాట మన నోట రాదు.

అలవాట్లన్నియు మంచివే, నిలుచుట యెట్లని చదువరు లడుగవచ్చును. లండను విశ్వవిద్యాలయ కళాశాలయందు ఫిలిప్పా లాలీ మొదలగువారు 96 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితములు దీనికి సమాధాన మిచ్చుచున్నవి. క్రొత్త పని యొకటి యత్నము లేకయే జరుగు నలవాటుగా మారుటకు సగటున 66 దినములు పట్టినది. అయితే కొందరికి 18 దినములే చాలినవి, కొందరి విషయమున 254 దినములు కావలసియుండునని లెక్క తేలినది. మన లెక్కలో చెప్పవలెనన్న సగటు కాలము ఒకటిన్నర మండలమునకు మించినది. ఒక మండలము దీక్ష పూని, మాల తీసిన మరునాడే పాత దారి పట్టినవారిని మనము చూచుచునే యున్నాము. మరియొక మాట యా పరిశోధనలో మిక్కిలి యూరట కలిగించునది: నడుమ నొక దినము తప్పినంత మాత్రమున అలవాటు చెడిపోలేదు. వాయిదాకు ఒకనాడు హాజరు కాలేనంత మాత్రమున వ్యాజ్యమును వదలుకొందుమా? మరునాడు మరల హాజరగుటయే కర్తవ్యము.

కావున ప్రతి క్రొత్త యలవాటును అప్పటికే తప్పక జరుగుచున్న యొక పనికి ముడివేయుట మేలు. పండ్లు తోముకొనిన వెంటనే చెప్పులు తొడిగి నడక. భోజనము చేసి చేయి కడుగుకొనగానే పది నిమిషముల పచారు. పడక దులుపగానే మూడు పంక్తులు. ఒక్కొక్కటిగా మొదలిడవలెను. అన్నిటిని ఒకేనాడు తలకెత్తుకొన్నవాడు అన్నిటిని ఒకేనాడు దింపును.

ఇంతవరకు చెప్పినది ఒంటరి మనుజునకు చెప్పినట్లున్నది. ఇంటిలో నితరు లున్నారు. మన పెద్దమనుష్యులు పెక్కండ్రు తమ క్రమశిక్షణను గూర్చి గర్వపడుదురు: ఐదింటికి లేతురు, ఆరింటికి నడతురు, ఏడింటికి వేడి కాఫీ, తొమ్మిదింటికి భోజనము. ఆ వేడినీళ్లును, ఆ కాఫీయు, ఆ భోజనమును వేళకు వచ్చుటకు ఇంటి యిల్లాలు నాలుగున్నరకే లేచినదని వారికి తోచదు. ఆమె కూడ ఆఫీసునకు పోవునదై యుండవచ్చును. 2024లో కేంద్ర ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు 289 నిమిషములు జీతము లేని యా పనిలో గడపుచుండగా, ఆ పని చేయు పురుషులు 88 నిమిషములు మాత్రమే గడపుచున్నారు. భేదము మూడు గంటలకు మించినది. మనము వెదకుచున్న రెండు గంటలు ఎవరి దినమునుండి వచ్చుచున్నవో ఈ లెక్క స్పష్టము చేయుచున్నది.

కావున మా నిశ్చితాభిప్రాయ మిది: ఇంకొకరి నిద్రను హరించి నిలుచు నలవాటు సదాచారము గాదు. దినమునకు రెండు కొసలు పురుషునకే గాదు, స్త్రీకిని గలవు. వారమున సగము దినములు కాఫీ తాను కలిపి, పిల్లల డబ్బాలు తాను సర్ది, ఆమెను ముందుగా నడకకు పంపగల మగవాడే ఈ వ్యాసమును చదివి ఫలము పొందినవాడు. ఇంటిలో నొకరి శాంతి మరియొకరి యలసట మీద కట్టబడినచో, ఆ కట్టడము పునాది లేనిది.

ఒక హెచ్చరికయు నవసరము. అలవాట్లు వైద్యునకు బదులు గావు. గుండెజబ్బు గాని, మధుమేహము గాని యున్నవారు వైద్యు నడిగియే వ్యాయామపు మోతాదు నిర్ణయించుకొనవలెను. వారముల తరబడి నిద్రలేమి, నిరాశ, దేనియందును రుచి లేకుండుట సంభవించినచో, అది స్వభావపు బలహీనత యని దాచుకొనక వైద్యునికి చూపింపవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. జ్వరము వచ్చినదని చెప్పుటకు సిగ్గుపడని మనము మనస్సు కుంగినదని చెప్పుటకు సిగ్గుపడ నేల?

వృత్తి మనకు గౌరవము నిచ్చినది, కూడు పెట్టినది; దానిని నిందింపము. కాని వృత్తికి మన మిచ్చినది పగటి నడిమి భాగమే యని గుర్తుంచుకొందము. ఉదయపు గంటను వెలుతురునకును నడకకును, రాత్రి గంటను ఇంటివారికిని మూడు పంక్తుల తెలుగునకును దాచుకొందము. చదువరులలో కొందరైనను నేటి రాత్రియే సెల్‌ఫోనును హాలులో విడిచి పడకగదికి పోవుదురేని, మా శ్రమ సఫలమైనట్లు భావింతుము.